క్యారియర్ బోల్టు ఎందుకు విరుగుతుంది? ఫ్రేములో చిక్కిన ముక్కను తీసేదెలా?

సూరత్ నుంచి కడోదరా వెళ్లే దారిలో, నగరానికి తూర్పు వైపున ఉంటుంది పర్వత్ పాటియా. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు నేత కుటుంబాలు ఇక్కడా, చుట్టుపక్కల లింబాయత్, గోడాదరా బస్తీల్లోనూ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సిరిసిల్లలో లాగే ఇక్కడా చాలామందికి మరమగ్గమే బతుకుతెరువు. షిఫ్టుకు వెళ్లేవాళ్లలో సైకిలు తొక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సైకిలు వెనక క్యారియర్ మీద ఒకరోజు అన్నం డబ్బా ఉంటుంది, మరోరోజు బియ్యం సంచి. ఆదివారం ఆ చోటు చిన్నపిల్లలది.

ఈ బరువంతా ఫ్రేముకు చేరేది రెండు మూడు చిన్న బోల్టుల ద్వారా. ఒక్కోదాని మందం 5 మిల్లీమీటర్లు, అంటే పెన్సిలు కంటే తక్కువ. అందులో ఒకటి విరిగితే క్యారియర్ ఒక పక్కకు ఒరుగుతుంది. సంచి అయితే రోడ్డు మీద పడుతుంది, అంతే. వెనక పిల్లవాడు కూర్చుని ఉంటే మాత్రం కాలు స్పోకుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. స్పోకుల్లో ఇరుక్కుని మడమ చీరుకుపోయిన పిల్లలు ఆసుపత్రులకు కొత్త కాదు.

బోల్టు విరిగాక సాధారణంగా జరిగేది ఒకటే. మిగిలిన ముక్కను అలాగే వదిలేసి, క్యారియర్ కాలును బైండింగ్ తీగతో కట్టేస్తారు. తీగ బరువును మోస్తుంది కానీ బిగించి పట్టుకోలేదు. మోయడానికీ బిగించడానికీ మధ్య ఉన్న ఈ తేడా తెలిస్తే బోల్టు ఎందుకు విరిగిందో అర్థమవుతుంది. ముక్కను ఎలా తీయాలో, కొత్తది మళ్లీ విరగకుండా ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

బోల్టు మేకు కాదు, స్ప్రింగు

బ్రిటిష్ నమూనాలో తయారైన పాత పెద్ద సైకిళ్లలో క్యారియర్ కాళ్లను నేరుగా వెనక చక్రం ఇరుసుకే నట్టు వేసి బిగిస్తారు. ఆ ఇరుసు లావుగా ఉంటుంది కాబట్టి అక్కడ విరగడం అరుదు. రేంజర్ తరహా కొత్త సైకిళ్ల తీరు వేరు. వెనక ఇరుసు కూర్చునే ఉక్కు పలకలకు చిన్న చెవుల్లాంటి భాగాలుంటాయి. ఆ చెవుల రంధ్రంలోనే మరలు కోసి ఉంటాయి. క్యారియర్, మడ్‌గార్డు కడ్డీలు ఆ మరల్లోకే బిగుస్తాయి. అక్కడ వాడేది చాలావరకు ఎం5 బోల్టు: మందం 5 మిల్లీమీటర్లు, ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లు. కొన్నిటికి ఎం6 ఉంటుంది.

క్యారియర్ కాలు ఆ బోల్టు మీద, గోడ మేకుకు చొక్కా వేలాడినట్టు వేలాడుతుందని చాలామంది అనుకుంటారు. సరిగా బిగించిన బోల్టు విషయంలో అది నిజం కాదు. పానాతో తల తిప్పే కొద్దీ మరలు బోల్టును లోపలికి లాగుతాయి, తలేమో బయట ఆగిపోతుంది. మధ్యలో ఉన్న ఉక్కు సాగుతుంది. సాగిన ఉక్కు మళ్లీ పొట్టిగా అవ్వాలని చూస్తుంది కాబట్టి క్యారియర్ కాలునూ చెవినీ ఒకదానికొకటి నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడు వల్ల రెండింటి మధ్యా ఘర్షణ పుడుతుంది. బరువును మోసేది ఆ ఘర్షణే. బోల్టు పని నొక్కి పట్టడం వరకే.

దీన్ని లెక్కలో చూడొచ్చు. పొడి ఉక్కు మరలకు ఇంజినీర్లు వాడే ఉజ్జాయింపు సూత్రం చిన్నది. తిప్పే బలాన్ని బోల్టు మందంతో, ఆపైన 0.2తో భాగిస్తే నొక్కుడు బలం వస్తుంది. 10 సెంటీమీటర్ల పానా చివర 5 కిలోల బలంతో తోస్తే తిప్పే బలం సుమారు 5 న్యూటన్ మీటర్లు. దాన్ని 0.005 మీటర్లతోనూ 0.2తోనూ భాగిస్తే 5,000 న్యూటన్లు. అంటే దాదాపు అరటన్ను బరువు నొక్కినట్టు! వేళ్ల బలాన్ని ఇంతగా పెంచే పనిముట్లు ఇంట్లో మరొకటి దొరకడం కష్టం. పైగా చేసిన పనిలో పదో వంతే బోల్టును సాగదీయడానికి ఖర్చవుతుంది. మిగతాదంతా తల కింద, మరల మధ్య రాపిడికే పోతుంది.

ఇప్పుడు బరువు వైపు చూద్దాం. మామూలు క్యారియర్ల మీద తరచూ కనిపించే పరిమితి 25 కిలోలు. గుంతలో పడినప్పుడు ఆ తాకిడి మూడు రెట్లు అవుతుందనుకుంటే 750 న్యూటన్లు. రెండు కాళ్లూ చెరిసగం పంచుకుంటే ఒక్కో బోల్టు దగ్గర 375. రంగు వేసిన లోహాల మధ్య ఘర్షణ గుణకాన్ని 0.15గా తీసుకుంటే, 5,000 న్యూటన్ల నొక్కుడు 750 న్యూటన్ల దాకా జారకుండా ఆపగలదు. అవసరానికి రెట్టింపు. బోల్టుకు గుంత తగిలినట్టే తెలియదు.

అదే బోల్టు వదులై నొక్కుడు 1,000 న్యూటన్లకు పడిపోయిందనుకుందాం. ఘర్షణ ఆపగలిగేది 150 మాత్రమే. ఇక ప్రతి గుంతలోనూ క్యారియర్ కాలు జారి బోల్టు మెడను కొడుతుంది, లేచినప్పుడు అటు వైపు కొడుతుంది. బోల్టు రోజుకు కొన్ని వందల సార్లు అటూ ఇటూ వంగుతుంది. ఇప్పుడది నిజంగానే గోడకు కొట్టిన మేకు అయింది. ఆ పనికి అది పుట్టలేదు.

18 మైక్రాన్ల మీద ఆధారపడిన బిగింపు

బిగించిన బోల్టు ఎందుకు వదులవుతుంది? మొదటి కారణం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 5,000 న్యూటన్లతో లాగినప్పుడు, 10 మిల్లీమీటర్ల పొడవున్న ఎం5 బోల్టు సాగేది సుమారు 18 మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందంలో నాలుగో వంతు. మొత్తం బిగింపు ఆ సాగుడులోనే దాగి ఉంది. ఫ్రేము మీద కాల్చిన పౌడర్ రంగు పొర మందం మామూలుగా 60 మైక్రాన్ల పైమాటే. బోల్టు తల కింద నలిగిన ఆ రంగు కొద్ది రోజుల్లో ఇంకో 9 మైక్రాన్లు అణిగిందనుకుంటే, సాగుడులో సగం పోయినట్టు. దాంతో నొక్కుడులోనూ సగం పోతుంది. బోల్టు ఒక్క పిసరు కూడా తిరగలేదు, అయినా వదులైంది. కొత్త సైకిలును వారం తర్వాత తెచ్చి బోల్టులు మళ్లీ బిగించుకోమని షాపువాళ్లు చెప్పేది ఇందుకే. వినేవాళ్లు తక్కువ.

రెండో కారణం అదురు. మగ్గాల షెడ్డులో పనిచేసేవారికి ఇది బాగా తెలుసు. షటిల్ నిమిషానికి వంద సార్లకు పైగా ఇటు నుంచి అటు దూకే యంత్రంలో నట్లు వాటంతటవే ఊడివస్తుంటాయి. (మగ్గాన్ని తిప్పేదాన్నీ, బోల్టు మీది గాడినీ తెలుగు ఒకే మాటతో పిలుస్తుంది: మర.) అదురుకు నట్టు ఎందుకు తిరుగుతుందో స్పష్టంగా చూపినవాడు జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్. బోల్టు పొడవునా లాగి వదిలే అదురు కంటే, బిగించిన రెండు పలకలనూ పక్కకు జరిపే అదురే ప్రమాదకరమని 1969లో ప్రచురించిన పరిశోధనలో ఆయన నిరూపించాడు. పక్కకు జారిన ఆ క్షణంలో మరల మధ్య ఘర్షణ పట్టు తప్పుతుంది. మర అంటేనే చుట్టూ తిరిగిన ఏటవాలు దారి కదా, ఆ వాలు వెంట బోల్టు రవ్వంత వెనక్కి తిరుగుతుంది. యుంకర్ తరహా పరీక్షల్లో, మన దగ్గర అంతా నమ్మే స్ప్రింగు వాషరు పెద్దగా ఉపయోగపడలేదు. లోపల నైలాన్ రింగున్న నట్టు, మరల్లో గట్టిపడే జిగురు దానికంటే నయం.

మూడో కారణం బోల్టు రకం. తల మీద 8.8 అని అంకె ఉంటే, దాన్ని తెంచడానికి చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లు కావాలి, అందులో 0.8 వంతు, అంటే 640 దాకా అది శాశ్వతంగా సాగకుండా తట్టుకుంటుంది. 4.6 అంటే 400, 240. ఎం5 బోల్టులో బరువు మోసే అడ్డుకోత 14.2 చదరపు మిల్లీమీటర్లు. 5,000 న్యూటన్లను దానితో భాగిస్తే 350కి పైన వస్తుంది. 8.8 బోల్టుకు అది నల్లేరు మీద నడక. 4.6 బోల్టు మాత్రం అంతకు ముందే తీగపాకంలా సాగిపోతుంది. తల మీద ఏ అంకే లేని బోల్టును 4.6 అనుకోవడమే క్షేమం. అయితే 8.8 కూడా అజేయమేమీ కాదు. 8, 10 న్యూటన్ మీటర్ల తిప్పుడుకు ఎం5 మెడ తెగొచ్చు. పొడవాటి పానా ఉంటే అది ఒక చేతి పనే.

విరిగిన ముఖం ఏం చెబుతుంది

ముక్కను తీసే ముందు ఒక్క నిమిషం ఆగి, విరిగిన చోటును టార్చి వేసి చూడటం మంచిది. చాలామంది ఈ అడుగును వదిలేసి నేరుగా డ్రిల్లు అందుకుంటారు. నిజానికి ఎంత కష్టపడాల్సి ఉంటుందో ఆ ముఖమే చెప్పేస్తుంది.

విరిగిన ముఖంలో ఎక్కువ భాగం నునుపుగా, చదునుగా ఉండి, నీళ్లు వెనక్కి తగ్గిన చెరువు గట్టు మీది చారల్లాంటి వంపు గీతలు కనిపిస్తే అది లోహపు అలసట. చిన్న పగులు ఒక మర అడుగున పుట్టి, రోజూ కొంచెం కొంచెం పాకి, చివరికి మిగిలిన కాస్త లోహం ఒక్కసారిగా తెగింది. ఆ చివరి భాగం గరుకుగా ఉంటుంది. రైలు ఇరుసులు తమ శక్తికి చాలా తక్కువైన బరువు కిందే ఎందుకు విరుగుతున్నాయో తెలుసుకోవడానికి జర్మనీలో ఆగస్ట్ వోలర్ 19వ శతాబ్దం మధ్యలో చేసిన ప్రయోగాలతో ఈ విషయం శాస్త్రంగా నిలబడింది. ఒక్కసారి వేసే పెద్ద బరువు కంటే లక్షల సార్లు పడే చిన్న బరువు లోహాన్ని చంపగలదు. రోజుకు 6 కిలోమీటర్లు తొక్కే సైకిలుకు ప్రతి 5 మీటర్లకూ ఒక కుదుపు అనుకున్నా, 300 రోజుల్లో 3,60,000 కుదుపులు.

విరిగిన ముఖమంతా ఒకేలా బూడిదరంగులో ఉండి, అంచుల్లో మెలితిరిగిన జాడ ఉంటే, అది బిగించేటప్పుడో, తుప్పు పట్టిన బోల్టును విప్పబోయేటప్పుడో చేతి బలానికి తెగింది.

ఈ రెండింటికీ మరమ్మతులో పెద్ద తేడా ఉంది. అలసటతో విరిగిన బోల్టు అంతకు ముందే వదులై ఉంటుంది. పైగా తల పోయాక ముక్కను సాగదీసి పట్టుకునేది ఏమీ లేదు. కాబట్టి ముక్క మరల్లో ఊరకే కూర్చుని ఉంటుంది. చాలాసార్లు సూది మొన ఉన్న పనిముట్టుతో అంచు దగ్గర పట్టి, ఎడమ వైపుకు నెమ్మదిగా నెడితే తిరిగి బయటికి వచ్చేస్తుంది. డ్రిల్లు అక్కర్లేదు. తుప్పుకు బిగుసుకుని, విప్పేటప్పుడు తెగినది అలా కాదు. తలనే తెంచుకుంది కానీ కదలని ముక్క అది.

ముక్కను బయటికి రప్పించడం

మొదట చూడాల్సింది చెవి వెనక వైపు. ఆ రంధ్రం ఇటు నుంచి అటు దాకా తెరిచే ఉంటుంది కాబట్టి, బోల్టు కొస చక్రం వైపు రెండు మూడు మిల్లీమీటర్లు పొడుచుకుని ఉండొచ్చు. చక్రం విప్పి ఆ కొసను వైస్ గ్రిప్‌తో గట్టిగా పట్టుకుని, వచ్చిన దారిలోనే కాకుండా ముందుకే తిప్పి లోపలి వైపుకు దించేయొచ్చు. ఇంత సులువైన దారి ఉందని తెలియక బయటి వైపు నుంచి గంటల తరబడి తంటాలు పడేవారున్నారు. కొస బయటి వైపు కొద్దిగా మిగిలి ఉంటే హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా గాడి కోసి స్క్రూడ్రైవరుతో తిప్పొచ్చు.

తుప్పు పట్టి ఉంటే తొందర పనికిరాదు. తాపీ సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లోని ఊరు సూరత్. నాలుగు నెలల వర్షాకాలం, ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ. ఇనుము తుప్పుగా మారితే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య అంత చోటు లేదు కాబట్టి తుప్పు ఆప్‌లా బిగుసుకుంటుంది. సన్నని ఖాళీల్లోకి పాకే నూనె వేసి రాత్రంతా వదిలేయాలి. దీపం వత్తిలో నూనె పైకి ఎక్కినట్టే, ఇక్కడా పని చేసేది కేశనాళిక గుణమే. నూనె చిక్కగా ఉంటే పాకదు. కిరోసిన్ కొంచెం కలిపిన పలుచటి నూనె పాకుతుంది. మధ్యమధ్య చిన్న సుత్తితో మెల్లగా తట్టడం వల్ల తుప్పు పొర చిట్లి నూనెకు దారి దొరుకుతుంది.

తర్వాతి ఆయుధం వేడి. ఉక్కు చెవిని 300 డిగ్రీలు వేడి చేస్తే 5 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 18 మైక్రాన్లు పెద్దదవుతుంది. లోపలి ముక్క అంత వేడెక్కక ముందే తిప్పగలిగితే అది చాలు. రంధ్రం వేడికి ముడుచుకుంటుందని కొందరి అనుమానం. ముడుచుకోదు. పలకతో పాటు రంధ్రం కూడా అన్ని వైపులా పెద్దదే అవుతుంది. ఫ్రేము దగ్గర మంట వాడే ముందు నూనె తుడిచేయాలి, టైరు తీసేయాలి. ఎర్రగా కాలేదాకా పోకూడదు, చుట్టూ రంగు ఎలాగూ కాలిపోతుంది. మంట వద్దనుకుంటే పెద్ద సోల్డరింగ్ ఐరన్ మొనను ముక్క మీదే కాసేపు ఆనించి ఉంచొచ్చు. ముక్క ఉబ్బి తుప్పును నలిపేస్తుంది, చల్లారాక ఆ మేరకు వదులవుతుంది.

ఫ్రేము అల్యూమినియందైతే మంట వద్దు. ఆ ఫ్రేముల బలం, తయారీలో సుమారు 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉడికించడం వల్ల వచ్చింది. అంతకు మించి కాలిస్తే ఆ బలం పోతుంది, పోయినట్టు పైకి కనిపించదు. మరిగే నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టడం వరకే క్షేమం. అదృష్టవశాత్తూ అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ కొద్ది వేడే చాలాసార్లు పని చేస్తుంది.

ఇవేవీ పని చేయకపోతే అప్పుడు డ్రిల్లు. ముక్క ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, సరిగ్గా నడిమధ్యన సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టాలి. ఈ ఒక్క చుక్కతో మరమ్మతు గెలుపో ఓటమో తేలిపోతుంది. ఎం5 బోల్టుకు మరలు పోగా మిగిలే గుండె మందం సుమారు 4 మిల్లీమీటర్లు. నడిమధ్యన 2 మిల్లీమీటర్ల రంధ్రంతో మొదలుపెట్టి, 3కు, ఆపైన 4.2కు పెంచుకుంటూ పోతే గుండె అంతా పొడిగా రాలిపోయి మరల్లో పలుచటి చుట్టతీగ మాత్రమే మిగులుతుంది. దాన్ని మొనతో లాగేయొచ్చు. చుక్క అర మిల్లీమీటరు పక్కకు జరిగితే ఒక వైపు బోల్టు ఉండిపోతుంది, మరో వైపు చెవి మరలు తెగిపోతాయి. డ్రిల్లు నెమ్మదిగా తిరగాలి, నూనె చుక్కలు పడుతూ ఉండాలి. ఎడమ వైపుకు తిరిగే బిట్టు దొరికితే మరీ మంచిది. కోసే బలమే ముక్కను విప్పే దిశలో పని చేస్తుంది కాబట్టి, సగం దూరం పోయేసరికి ముక్క తానే తిరిగి బయటికి రావచ్చు.

విరిగిన బోల్టులు తీసేందుకని బజారులో ఎడమ మరల ఎక్స్‌ట్రాక్టర్ దొరుకుతుంది. ఎం5 లాంటి చిన్న బోల్టుకు దాన్ని నమ్ముకోకపోవడమే మేలు. ఒక కడ్డీ ఎంత మెలిని తట్టుకుంటుందనేది దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 4 మిల్లీమీటర్ల గుండె ఉన్న బోల్టే తెగిన చోట, 3 మిల్లీమీటర్ల ఎక్స్‌ట్రాక్టర్‌ను పెట్టి తిప్పడమంటే, మందం లెక్కన చూస్తే సగం కంటే తక్కువ బలంతో దిగడమే. దాని ఉక్కు గట్టిదే, కానీ గాజులా పెళుసు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. అప్పుడిక కార్బైడ్ బిట్టో, నిప్పురవ్వలతో లోహాన్ని కరిగించే యంత్రమో కావాలి. చిన్న బోల్టు పని అక్కడి దాకా వెళ్లకూడదు.

మరలే పోతే

ముక్క బయటికి వచ్చింది, కానీ చెవిలో మరలు కొట్టుకుపోయాయి. లేదా బోల్టు విరగనే లేదు, ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది. అప్పుడేం చేయాలి?

మరలు ఎందుకు పోతాయో ముందు చూడాలి. చెవి మందం 5 మిల్లీమీటర్లయితే అందులో దాదాపు 6 మరలుంటాయి. బరువును ఆరూ సమానంగా పంచుకోవు. బోల్టు సాగుతుంది, చుట్టూ ఉన్న చెవి నొక్కుకుపోతుంది. అందువల్ల తల వైపున్న మొదటి మర మీదే మొత్తంలో సుమారు మూడో వంతు పడుతుంది. రెండు మూడు మరలకే అందే పొట్టి బోల్టు వేస్తే మొదటిది ఊడుతుంది, దాని వెనకే రెండోది. ఉక్కులో బోల్టు మందమంత లోతు, అల్యూమినియంలో దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల లోతు మరలు పట్టాలనేది వర్క్‌షాపుల్లో వాడుకలో ఉన్న లెక్క.

కాబట్టి పొట్టి బోల్టు పాడు చేసిన చెవికి తొలి వైద్యం పొడవాటి బోల్టే. వెనక వైపు మరలు చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. అదీ కుదరకపోతే చెవిని 5.5 మిల్లీమీటర్లకు డ్రిల్లు చేసి, బోల్టును ఇటు నుంచి అటు దూర్చి, వెనక నైలాన్ నట్టు వేయొచ్చు. ఇంతకంటే గట్టి మరమ్మతు లేదు. చూడాల్సిందల్లా గొలుసు వైపు ఆ నట్టు ఫ్రీవీలుకు గానీ గొలుసుకు గానీ తగలకుండా ఉందా అని. చక్రం పెట్టి చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

నట్టుకు చోటు లేకపోతే ఎం6కు పెంచుకోవాలి. రంధ్రాన్ని 5 మిల్లీమీటర్లకు చేసి ఎం6 ట్యాప్‌తో కొత్త మరలు కోయాలి. ట్యాప్ నిటారుగా నిలవాలి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, తెగిన పొట్టును విరుస్తూ పోవాలి. మొండిగా ఒకే దిశలో తిప్పితే ట్యాప్ విరుగుతుంది. అది ఎక్స్‌ట్రాక్టర్ కంటే మొండిది. ఎం6 బోల్టు అడ్డుకోత 20.1 చదరపు మిల్లీమీటర్లు, ఎం5 కంటే 40 శాతం ఎక్కువ. చెవి చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్ల లోహం మిగిలేలా చూసుకోవాలి. అల్యూమినియం ఫ్రేములో అయితే స్టెయిన్‌లెస్ తీగను స్ప్రింగులా చుట్టిన హెలీకాయిల్ వేయడం ఇంకా మంచిది. దానికి దాని సొంత ట్యాప్ కావాలి, దాదాపు ఎం6కు పట్టేంత చోటే పడుతుంది. బోల్టు మాత్రం పాత ఎం5నే వాడుకోవచ్చు, మెత్తని అల్యూమినియం మరల బదులు గట్టి ఉక్కు మరలు వస్తాయి.

నీళ్ల సీసా పట్టే బోల్టులున్న చోటు, అంటే ఫ్రేము గొట్టం మీది రంధ్రాలు, వేరే సంగతి. గొట్టం గోడ మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. మర దూరమే 0.8 అయినప్పుడు అందులో ఒక్క మర పడుతుంది, అది దేన్నీ పట్టదు. అందుకే అక్కడ లోపల మరలున్న రివెట్ నట్టును గొట్టంలోకి దూర్చి, లోపలి వైపు ఉబ్బేలా నొక్కి పెడతారు. బోల్టు తిప్పితే ఆ నట్టే గిరగిరా తిరుగుతుంటే, పాతదాన్ని డ్రిల్లుతో తీసేసి కొత్తది వేయించాలి.

డ్రిల్లు ముట్టుకోవడమే ఇష్టం లేనివారికి గొట్టం చుట్టూ వేసే రబ్బరు పూత పట్టీ ఉండనే ఉంది. అందంగా ఉండదు కానీ బోల్టు, నట్టు రెండూ బయటే ఉంటాయి.

ఎక్కినట్టే ఎక్కే బోల్టు

మరలు పోవడానికి ఇంకో కారణం కంటికి కనిపించదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరల కొలతలకు ఒక పద్ధతి పెట్టేదాకా ప్రతి వర్క్‌షాపుదీ ఒక్కో లెక్క. ఆ తర్వాత బ్రిటిష్ సైకిళ్లకు అంగుళానికి 26 మరల సొంత లెక్క వచ్చింది. మన పెద్ద సైకిళ్లు ఆ వంశానివే. ఆ లెక్కలో పావు అంగుళం బోల్టు మందం 6.35 మిల్లీమీటర్లు, మర దూరం 0.977. మెట్రిక్ ఎం6 మందం 6, మర దూరం 1. రెండూ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. పావు అంగుళం రంధ్రంలో ఎం6 బోల్టు వేళ్లతో హాయిగా ఎక్కుతుంది. అలా ఎక్కడమే మోసం. మందం తక్కువ కాబట్టి మరల అంచులు మాత్రమే తగులుతాయి. పానా పెట్టి బిగించగానే ఆ అంచులు కొట్టుకుపోతాయి. పాత సైకిలుకు కొత్త బోల్టు వేసేముందు, పాత బోల్టునూ కొత్త బోల్టునూ పక్కపక్కన ఆనించి వెలుతురులో చూస్తే మరలు కలిశాయో లేదో తెలుస్తుంది. మందాన్ని వెర్నియర్‌తో కొలిస్తే ఇక అనుమానమే ఉండదు.

బ్రేకులు బిగించే చోట్ల మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు. డిస్కు బ్రేకు కాలిపర్‌ను పట్టే ఎం6 మరలు, వి-బ్రేకు తిరిగే ఉక్కు మొలల్లోని మరలు పోతే మంచి పనిముట్లున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. చెవి దగ్గరే ఫ్రేములో పగులు కనిపిస్తే, అది బోల్టు పని కాదు, వెల్డింగ్ పని. ఆ పగులు ఎక్కడిదాకా పోయిందో చూడకుండా బోల్టు మార్చి లాభం లేదు.

బిగించేటప్పుడు, బిగించాక

బోల్టు తల కిందా, క్యారియర్ కాలు ఆనే చోటా ఉన్న మందపాటి రంగును గీకేసి, లోహానికి లోహం తగిలేలా చేస్తే ఆ 18 మైక్రాన్లు నిలుస్తాయి. గీకిన చోట తుప్పు రాకుండా కాస్త గ్రీజు చాలు. తల కింద వెడల్పాటి మామూలు వాషరు వేస్తే నొక్కుడు ఎక్కువ చోటుకు పరుచుకుంటుంది. మరలకు జిగురు వేసేటట్టయితే విప్పడానికి వీలున్న నీలం రకమే వాడాలి. ఎర్రది వేడి చేస్తే తప్ప వదలదు. ఈ జిగురు గాలి తగలని చోట, లోహాన్ని ఆనుకుని ఉన్నప్పుడే గట్టిపడుతుంది. నూనె మరల మీద పట్టదు కాబట్టి ముందు శుభ్రంగా తుడవాలి. అల్యూమినియం ఫ్రేములో ఉక్కు బోల్టు వేసేటప్పుడు జిగురో గ్రీజో ఏదో ఒకటి తప్పనిసరి. తడి తగిలితే ఆ రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీగా మారతాయి. అందులో అరిగేది అల్యూమినియమే.

నూనె, గ్రీజు పూసిన మరల మీద రాపిడి తగ్గుతుంది కాబట్టి అదే చేతి బలానికి నొక్కుడు ఎక్కువ పుడుతుంది. అలాంటప్పుడు పానా మీద చెయ్యి కొంచెం తేలిక చేయాలి. 8.8 రకం ఎం5కు పొడి మరల మీద 5 న్యూటన్ మీటర్లు, అంకె లేని బోల్టుకు అందులో సగం. పొట్టి పానాను కొసన కాకుండా మధ్యలో పట్టుకుంటే చెయ్యి అతిగా బిగించదు.

బిగించాక బోల్టు తల మీది నుంచి చెవి మీదికి ఒకే గీతగా రంగుతోనో, గోళ్ల రంగుతోనో గుర్తు పెట్టుకోవాలి. వారం తర్వాత చూస్తే రెండు గీతలూ కలిసే ఉండొచ్చు, అయినా పానా పెట్టి చూడాల్సిందే, రంగు అణిగి ఉండొచ్చు. గీతలు విడిపోయి ఉంటే బోల్టు తిరిగిందన్నమాట. అదే బోల్టు మూడోసారి కూడా తిరిగితే తప్పు బోల్టుది కాదు. క్యారియర్ కాలు వంకరపోయి చెవిని పక్కకు లాగుతోందా, కాలు రంధ్రం సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిందా, రెండు కాళ్లలో రెండోది అసలు బిగుసుకునే ఉందా అని చూడాలి.